ఎల్లాజీ ఊపిరి

తుఫాను ఇంకా అండమాన్ అవతల ఉండగానే పైడితల్లి నాకు ఫోన్ చేసింది.

"అత్తా, గొర్రెరాయి కాడ ఇసక లెగిసిపోనాది. మన ఇనప గూడు బయట పడ్డాది. నిన్న నీట్లో దిగినప్పుడు నా కళ్ళారా సూసినాను."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "అందులో డబ్బా?"

"ఉన్నాది. నాచూ గుల్లలూ పట్టీసినాయి గానీ మూత ఊడలేదు. బేగి రా అత్తా. తుపాను వొచ్చిందంటే మల్లీ ఇసకేసి కప్పెట్టేత్తాది."

మర్నాడు తెల్లవారకముందే విశాఖపట్నంలో బయల్దేరాను. భీమిలి దాటి దిబ్బలపేట చేరేసరికి తొమ్మిదైంది. రేవులో మూడో నంబరు ప్రమాద జెండా ఎగరేశారని దారిలో రేడియో చెప్పింది. పేటలో పడవలన్నింటినీ సరుగుడు తోట దాకా లాగి కట్టేశారు. ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగకూడదని చాటింపు వేశారట. ఆకాశం మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లగా, పల్చగా ఉంది. గాలి లేదు. నురగ కూడా పెద్దగా లేదు. కానీ అలకీ అలకీ మధ్య ఎడం పెరిగింది. చాలా దూరంలో బయల్దేరి, తొందరేమీ లేకుండా, బరువుగా వస్తున్న అలలవి.

ఎల్లాజీ ఇల్లు పేటలో చివరిది. వసారాలో నులకమంచం మీద ఆయన నిద్రపోతున్నాడు. పక్కన పీట మీద కూర్చుని పైడితల్లి తండ్రి రొమ్ము మీద చెయ్యి వేసి ఉంచింది. నన్ను చూసి కళ్ళతోనే కూర్చోమంది.

ఊపిరి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. వెళ్ళింది, వచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ లేదు. రొమ్ము కదలడం మానేసింది. ముఖంలో బాధ లేదు. ఏదో మాట గుర్తు తెచ్చుకోబోయి ఆగిపోయిన మనిషిలా ఉన్నాడు. పైడితల్లి పెదాలు కదుపుతూ అయిదు దాకా లెక్కపెట్టి, రెండు వేళ్ళతో మెల్లగా తట్టింది. ఆయన ఊపిరి తీసుకున్నాడు.

ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎల్లాజీ ఇలాగే నిద్రపోతున్నాడు. మెలకువగా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. కన్ను మూతపడితే చాలు, ఒళ్ళు ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంది. ఇరవై ఏళ్ళు ఆ చెయ్యి ఆయన భార్య కాసులమ్మది. కిందటేడు కామెర్లతో ఆమె పోయాక కూతురిది. పైడితల్లికి ముప్ఫై మూడేళ్ళు. రుషికొండలో యాత్రికులకి స్కూబా డైవింగ్ నేర్పుతుంది. ఆమె ఇంటికొచ్చాక పగటి పూట ఆయన పడుకుంటాడు. రాత్రి ఆమె పడుకుంటే ఆయన మేలుకుని కూర్చుంటాడు. ఏడాదిగా ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నిద్రపోయింది లేదు.

ఆయన ఒంటికి ఊపిరి మరిపించింది మేమే. అందులో నా పాలు పెద్దది.

*

ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ ఒడ్డునే తాటాకుల షెడ్డు ఒకటి ఉండేది. దానికి మేం ప్రయోగశాల అని పేరు పెట్టుకున్నాం. మా పెద్ద డాక్టర్ కృపానిధి గారు. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. నీటి అడుగున చనిపోయేవాళ్ళలో చాలామంది గాలి అయిపోయి చనిపోరని, భయంతో ఊపిరి చెదిరి చనిపోతారని ఆయన వాదన. భయపడిన మనిషి తరఫున తానే ఊపిరి తీసే పెట్టె ఒకటి వీపుకి తగిలిస్తే? ఆ పెట్టెకి ఊపిరి తీయడం నేర్పాలి. అల్లకల్లోలంగా ఉన్న నీళ్ళలో కూడా గుండె అదరని మనిషి దగ్గర నేర్పించాలి.

అలాంటి మనిషి గొర్రెరాయి దగ్గర దొరికాడు. ఆలిచిప్పల కోసం సిలిండరూ గొట్టమూ లేకుండా మునిగి మూడు నిమిషాలకి తేలుతున్నాడు. అప్పుడు ఎల్లాజీకి ముప్ఫై నాలుగు. నల్లని రాయిలాంటి ఒళ్ళు, ఊరంతా వినపడే నవ్వు.

"అంతసేపు ఊపిరి ఎలా పడతావు అన్నా?" అని అడిగాను.

"నానేటి పట్టీది? అల వొచ్చినప్పుడు ఆగుతాను, ఎల్లినప్పుడు వొదుల్తాను. అంతేనమ్మా."

నేను అన్నా అన్నానని, ఆ పూట నుంచి కాసులమ్మ నాకు వదినైపోయింది. మధ్యాహ్నం షెడ్డుకి సత్తు గిన్నెలో కవ్వళ్ళ చేపల పులుసు పంపేది కాదు, తనే పట్టుకొచ్చేది. మేం తినేదాకా కదిలేది కాదు. "మీ సారు ముళ్ళు తియ్యడం రాక పెద్ద సదువు సదివీసినాడు" అని కృపానిధి గారి ముఖం మీదే అనేది. ఆయన తెగ నవ్వేవారు. వానాకాలం తాటాకుల్లోంచి నీళ్ళు కారుతుంటే కంప్యూటర్ల మీద చేపల తట్టలు బోర్లించేవాళ్ళం. చేప వాసన వేసే ఆ కాగితాలు ఇప్పటికీ నా బీరువాలో కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా తీసి వాసన చూస్తాను. ఇప్పుడు వాటికి బీరువా వాసనే ఉంది.

ఒడ్డు నుంచి సముద్రంలోకి నడిచి దిగడం నాకు నేర్పింది ఎల్లాజీయే. "సంద్రానికి ఎదురు నిలబడకమ్మా, పక్కకి తిరుగు. అల నిన్ను సన్నంగా సూడాల" అనేవాడు. నేను పడిపోయినప్పుడల్లా జుట్టు పట్టుకుని లేపి, ఇసక తుడవకుండానే మళ్ళీ దింపేవాడు.

రాయి పక్కన, పదకొండు మీటర్ల లోతులో, ఇనప గూడు ఒకటి దించాం. అల ఊపునీ ఎల్లాజీ ఊపిరినీ ఒకేసారి రాసుకునే డబ్బా అందులో ఉండేది. మొదటి నలభై ఒక్క రోజులూ పెట్టె వినడం తప్ప ఏమీ చెయ్యలేదు. నలభై రెండో రోజు నుంచి అది కూడా ఊపిరి తియ్యడం మొదలుపెట్టింది. అది ఊపిరి ఇచ్చేది, ఆయన పుచ్చుకునేవాడు. తప్పు చేస్తే తన ఊపిరితోనే దిద్దేవాడు. అలా దాదాపు మూడేళ్ళు, ఆరు వందల మునకలు.

ఒకరోజు నీళ్ళలోంచి వచ్చి ఇసకలో కూలబడి నవ్వుతూ అన్నాడు: "ఇయాల నానేటీ సెయ్యలేదమ్మా. ఊరికే కూకున్నాను. అదే పీల్చీసుకున్నాది."

మేం చప్పట్లు కొట్టాం. కృపానిధి గారు ఊళ్ళో అందరికీ జిలేబీ పంచారు.

పెట్టె ఆయన దగ్గర నేర్చుకుంటోందని చూశాం గానీ, ఆయన ఒళ్ళు పెట్టె దగ్గర మరిచిపోవడం నేర్చుకుంటోందని ఎవరం చూడలేదు. పది రోజుల తర్వాత ఎల్లాజీ అన్నం తిని షెడ్డులో కునుకు తీశాడు. నేను అయిదడుగుల దూరంలో కూర్చుని అంకెలు రాసుకుంటున్నాను. గిన్నెలు పట్టుకెళ్ళడానికి వచ్చిన కాసులమ్మ కేక విని తలెత్తాను. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె రెండు చేతులతో రొమ్ము మీద బాదుతోంది.

ఆస్పత్రిలో ఊపిరి మిషను పెట్టారు. మిషను ఎంత పనిచేస్తే ఆయన ఒళ్ళు అంత మానేసింది. చెయ్యి వేస్తే మాత్రం గుర్తు తెచ్చుకునేది. చెయ్యి ఊపిరి తియ్యదు, గుర్తు మాత్రమే చేస్తుంది. అది కనిపెట్టింది కాసులమ్మ.

ఆ ఏడాది ప్రయోగం ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన తుఫానుకి షెడ్డు, కంప్యూటర్లు కొట్టుకుపోయాయి, గూడు ఇసక కింద పడిపోయింది. పెట్టెను ఒక కంపెనీ కొనుక్కుంది, దానితో పాటు నన్ను కూడా. తొమ్మిదేళ్ళు అక్కడే పనిచేసి, ఆ తర్వాత విశాఖపట్నంలో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఏ దేశంలో ఏ డైవరు భయపడినా ఎల్లాజీ ఊపిరే పీలుస్తాడు. వాళ్ళకి ఆయన పేరు తెలియదు.

కృపానిధి గారు పోయే ముందు నాకు ఉత్తరం రాశారు. కంపెనీ దగ్గర ఉన్న ఊపిరి సగం పెట్టెదేనని, అచ్చంగా ఎల్లాజీది మొదటి నలభై ఒక్క రోజులదేనని, అది దొరికితే చెయ్యి వేసినట్టుగా గుర్తు చేస్తూ ఒంటికి మళ్ళీ నేర్పవచ్చేమోనని రాశారు. చివర "నన్ను క్షమించమని అడుగు" అని ఒక వాక్యం. ఆ నలభై ఒక్క రోజులూ గూట్లోని డబ్బాలో ఉన్నాయి. రెండుసార్లు మనుషుల్ని పెట్టి వెతికించాను. ఇసక తప్ప ఏమీ దొరకలేదు.

*

ఎల్లాజీ నిద్ర లేచి నన్ను చూసి ముందు నవ్వాడు. తర్వాత కాళ్ళ దగ్గరున్న సామాను చూసి నవ్వు ఆపేశాడు.

"పడవలు ఎల్లొద్దంటే మడుసులు ఎల్తారేటి? ఆ డబ్బా ఏటైపోతే నాకేటమ్మా? యాబై ఎనిమిదేళ్ళు బతికినాను, సాలదేటి?"

"నీ కోసం కాదు నాన్నా, నా కోసం" అంది పైడితల్లి. గొంతు పెంచలేదు. "అమ్మ ఇరవై ఏళ్ళు ఎలా సేసిందో నాకు తెల్దు. నాను ఏడాదికే అయిపోనాను. మొన్న బస్సులో కునుకు పట్టీసింది. లెగిసేతలికి నా పక్కనున్న ముసిలాయన రొమ్ము మీద సెయ్యేసి ఉన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను. ఎల్లాజీ లేచి నీళ్ళ అంచు దాకా వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చి చెప్పాడు.

"పొద్దు నడినెత్తికి రాకముందు బయటికొచ్చీయాల. ఆ తరవాత గాలి ఈశాన్నెం తిరుగుద్ది. తాడు నాను పడతాను. ఒకపాలి లాగితే ఆగమని, మూడుపాల్లు లాగితే రమ్మని."

నేను కంపెనీ పెట్టె వీపుకి తగిలించుకున్నాను, పైడితల్లి మామూలు సిలిండరు తగిలించుకుంది. నా పెట్టెలాంటిదే ఇంకోటి తెచ్చానన్నాను. వద్దంది. "నాన్న ఊపిరి నాకొద్దత్తా. నీళ్ళలో కూడా అదే ఇనాలేటి?"

రెక్కల చెప్పులు చేతుల్లో పట్టుకుని, పక్కకి తిరిగి, నీళ్ళలోకి నడిచాం. ఎల్లాజీ వెనకనుంచి "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు..." అంటూనే ఉన్నాడు. వరసగా మూడు పెద్ద అలలు విరిగాయి. "ఎల్లండి!" అన్నాడు. నాలుగడుగులు పరిగెత్తి మునిగాం. అల మా మీదినుంచి పోయింది.

నీళ్ళు పల్చటి మజ్జిగలా ఉన్నాయి. చాచిన చెయ్యి కనపడదు. చలికాలం మొదలవుతున్న రోజులు, అయినా గోరువెచ్చగా ఉన్నాయి. పైడితల్లి ముందు, తాడు పట్టుకుని నేను వెనక. లోతుకి వెళ్ళినకొద్దీ ఊపు మొదలైంది. నీరంతా ఒక్కసారిగా ఒడ్డు వైపు జరుగుతుంది, మళ్ళీ వెనక్కి. అడుగున ఇసక పొగలా లేస్తోంది. గొర్రెరాయి ముందు చేతికి తగిలింది, తర్వాత కంటికి కనపడింది. దాని మొదట్లో, గుల్లలు పట్టి గుర్తుపట్టలేనట్టుగా, మా గూడు.

నేను వెల్డింగ్ దగ్గర నిలబడి చేయించిన గూడు అది. ముఖం దగ్గరగా పెట్టి చూశాను. కృపానిధి గారు గుర్తుగా మేకుతో గీసిన గీతలు ఇంకా తెలుస్తున్నాయి.

పైడితల్లి పానా పట్టుకుని బోల్టుల మీద పడింది. నాలుగింటిలో మూడు విరిగిపోయాయి. నాలుగోది కదల్లేదు. సుత్తితో కొడుతుంటే నేను లైటు పట్టుకున్నాను. పెద్ద ఊపు ఒకటి వచ్చింది. గూడు వదిలేశాను. ఒడ్డు వైపుకి నన్ను విసిరింది, తిరిగి వెనక్కి లాగింది. ఈసారి నా ఎడమ కాలు దేనిలోనో ఇరుక్కుపోయింది. ఎప్పటిదో పాత వల. లాగినకొద్దీ బిగుసుకుంది. కళ్ళద్దంలోకి నీళ్ళు వచ్చాయి. లైటు ఎటో పోయింది.

యాభై ఒక్క ఏళ్ళ నాకు, ఇరవై నాలుగేళ్ళుగా నీళ్ళలో దిగుతున్న నాకు, భయం వేసింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. తీసుకున్నది లోపలికి వెళ్ళడం లేదు. అమ్మా అనుకున్నట్టు గుర్తు.

అప్పుడు పెట్టె నన్ను పట్టుకుంది.

నోట్లోని గొట్టంలోంచి గాలి మెల్లగా లోపలికి వచ్చింది. నేను కాదనబోయాను. అది ఆగి, మళ్ళీ అడిగినట్టుగా వచ్చింది. మూడోసారి నా రొమ్ము దాని మాట విని పైకి లేచింది. నిండా లేచాక ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడంలోనే అల మా మీదినుంచి వెళ్ళింది. అది వెళ్ళాక ఊపిరి బయటికి పోయింది.

ఆ పెట్టెను చేసినదాన్ని నేను. ఎన్ని వందలసార్లు పరీక్షించానో! కానీ అది నన్ను పట్టుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకే తెలియలేదు. అది యంత్రంలా లేదు. ముప్ఫై నాలుగేళ్ళ ఎల్లాజీ నా పక్కన ఉన్నట్టే ఉంది. తాటాకుల షెడ్డు, జిలేబీ పొట్లాలు, నా జుట్టు పట్టుకుని లేపిన చెయ్యి, అన్నీ నా రొమ్ములో తిరిగాయి. కళ్ళద్దంలో ఉన్న నీళ్ళలో నా కన్నీళ్ళు ఎన్నో నాకు తెలియదు. ఆ నిదానంలోనే చేత్తో తడుముకుని, వల కాలికి ఎటునుంచి చుట్టుకుందో గ్రహించాను. పైడితల్లి వచ్చి కత్తితో పోగులు కోసింది. ఆమె రెండో చంకలో డబ్బా ఉంది.

ఆమె తన గాలి మీటరు నా కళ్ళ ముందు పెట్టింది. ముల్లు ఎర్ర గీతలో ఉంది. నా కాలు విడిపించడానికే అదంతా అయిపోయింది.

తాడు వెంట ఒడ్డు వైపు వచ్చాం. అలలు విరిగే చోటుకి ఇవతల, అడుగున, తాడు ఒక్కసారి లాగినట్టయింది. ఆగమని. పైన ఉరుముల్లా అలలు విరుగుతున్నాయి. పైడితల్లి మీటరు చూసుకుంది. సున్నాకి పైన వెంట్రుక వాసి. నా గొట్టం ఆమెకి ఇవ్వబోయాను. తల అడ్డంగా ఊపింది. తాడు కదల్లేదు. ఎంతసేపో చెప్పలేను. ఆమె రొమ్ము ఇంక లేవలేదు. సిలిండరులో ఏమీ మిగల్లేదు. ఆమె కళ్ళు మూసుకుని నా భుజం పట్టుకుంది. నేను బలవంతంగా గొట్టం ఆమె నోట్లో పెట్టాను.

పెట్టె ఆమెను వెంటనే గుర్తుపట్టినట్టు పట్టుకుంది. ఒక్క ఊపిరి. ఆమె కళ్ళు తెరిచింది. ఇంకొకటి. మూడోది తీసుకుని గొట్టం తీసి నాకిచ్చేసింది.

తాడు మూడుసార్లు లాగింది.

ఒడ్డున ఎల్లాజీ నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో కూతురి చెయ్యీ, ఇంకో చేత్తో నా పెట్టె పట్టీ దొరకబుచ్చుకుని వెనక్కి నడిచాడు. వచ్చిన అల ముగ్గురినీ ఇసకలో పడేసింది. అప్పటికే గాలి మొదలైంది.

"అంతసేపు ఆపీసినావేటి నాన్నా?" అంది పైడితల్లి, దగ్గుతూ.

"సందు లేదే అమ్మా. ముందుగాల రమ్మంటే అల నేలకేసి కొట్టును." తాడు చుట్టడం మొదలుపెట్టాడు. "నీ గాలి అయిపోద్దని నాకు తెల్దేటి?"

పైడితల్లి చాలాసేపు ఇసకలో వెల్లకిలా పడుకుని ఉండిపోయింది. తర్వాత నాతో మాత్రమే అంది: "అత్తా, నాన్న వొయసులో ఇలాగుండేవోడా?"

*

తుఫాను మర్నాడు సాయంత్రం తీరం దాటింది. రెండు రోజులు పేటంతా బడిలో తలదాచుకుంది. మనుషులు దక్కారు, సరుగుడు తోట నేలకొరిగింది, ఎల్లాజీ ఇంటి రేకులు మూడు ఎగిరిపోయాయి. గొర్రెరాయి దగ్గర మళ్ళీ ఇసక వేసిందని తర్వాత పైడితల్లి చూసి చెప్పింది. గూడు పైకొన కూడా కనపడడం లేదట.

డబ్బాలోకి ఉప్పునీరు దిగింది. నలభై ఒక్క రోజుల్లో నాకు దక్కింది పంతొమ్మిది నిమిషాలు.

పంతొమ్మిది నిమిషాలు చాలా తక్కువ. దాన్నే పదేపదే తిప్పుతూ, రొమ్ముకి కట్టుకునే గుడ్డ పట్టీ ఒకటి తయారుచేశాను. ఊపిరి తియ్యదు. వేలితో తట్టినట్టు, తియ్యవలసిన సమయంలో తాకుతుంది. రోజూ ఆ తాకిడి రవ్వంత తగ్గిస్తూ పోవాలి. కాలేజీకి సెలవు పెట్టి దిబ్బలపేటలోనే ఉండిపోయాను. పైడితల్లి రుషికొండకి వెళ్ళే పూటలు నేను పీట మీద కూర్చునేదాన్ని. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆయన రొమ్ము మీద నా చెయ్యి వేశాను. ఆ మొదటి రోజు సాయంత్రానికి నా భుజం పట్టేసింది. కాసులమ్మ వదిన ఒక్క మాటైనా నన్ను అనకుండా పోయింది.

రెండు వారాలు ఏమీ జరగలేదు. ఆయనకి విసుగొచ్చింది. "ఇది పురుగు పాకినట్టున్నాదమ్మా, సెయ్యిలా లేదు" అని ఒకరోజు పట్టీ ఊడదీసి అవతల పారేశాడు. పైడితల్లి దాన్ని ఏరి, దులిపి, ఏమీ అనకుండా మళ్ళీ కట్టింది. నాలుగో వారంలో ఊపిరి ఆగే సార్లు తగ్గాయి. ఆరో వారంలో తాకిడిని ఉన్నా లేనట్టు చేశాను.

నలభై అయిదో రోజు మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా పట్టీని పూర్తిగా ఆపేశాను. పైడితల్లికి మాత్రం ఆయన నిద్రపోయాక చెప్పాను. ఆమె నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు.

గంటసేపు సాఫీగా నడిచింది. తర్వాత రొమ్ము ఆగింది.

పైడితల్లి చెయ్యి గాల్లోకి లేచింది. నేను దాన్ని పట్టుకున్నాను. "ఇరవై దాకా" అన్నాను.

"నా వల్ల కాదత్తా."

"ఇరవై దాకా చూద్దాం."

ఇద్దరం లెక్కపెట్టాం. ఎనిమిది. తొమ్మిది. ఆయన ముఖం ప్రశాంతంగానే ఉంది. పన్నెండు. పైడితల్లి వేళ్ళు నా చేతిలో గింజుకుంటున్నాయి. పధ్నాలుగు. తప్పు చేస్తున్నానేమో అనుకున్నాను. ఒకసారి చేసినదాన్నే. పదహారు. పదిహేడుకి ఆమె చెయ్యి వదిలెయ్యబోతున్నాను.

ఎల్లాజీ ఊపిరి తీసుకున్నాడు. ఎవరూ తట్టకుండా, ఎవరూ తాకకుండా తీసుకున్నాడు. నిండుగా తీసుకుని, ఆగి, వదిలాడు. మళ్ళీ తీసుకున్నాడు. ఆ పూట మరి ఆగలేదు.

మూడు గంటలకి లేచి అలవాటు చొప్పున రొమ్ము మీదికి చూసుకున్నాడు. "ఎవులూ సెయ్యెయ్యలేదేటి?"

"ఎయ్యలేదు నాన్నా." పైడితల్లి ఏడుస్తూ నవ్వుతోంది. "నువ్వే పీల్సుకున్నావు. మూడు గంటలు. ఎవులూ ముట్టుకోలేదు."

ఆయన సంతోషిస్తాడని ఇద్దరం ఎదురుచూశాం. ఆయన లేచి కూర్చుని, పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు దాని కొసలు మడత పెడుతూ ఉండిపోయాడు.

"అయితే ఇంక ఎవులూ ఎయ్యరా?" అన్నాడు.

ఇరవై ఏళ్ళు కాసులమ్మ చేతికింద నిద్రపోయిన మనిషి. నేను ఆ వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఎందుకెయ్యనూ" అంది పైడితల్లి. "ఇంకాసేపు తొంగో."

ఆయన బుద్ధిగా పడుకున్నాడు. ఆమె పీట దగ్గరికి జరుపుకుని రొమ్ము మీద చెయ్యి వేసింది. కొంతసేపటికి ఆయన కళ్ళు మూతపడ్డాయి. ఇంకొంతసేపటికి ఆమె తల మంచంపట్టె మీదికి వాలింది. ఆమె వేళ్ళు సడలి, చెయ్యి మెల్లగా ఆయన పక్కలోకి జారిపోయింది. నేను సగం లేచాను.

ఆయన రొమ్ము లేస్తూ, దిగుతూనే ఉంది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి నిద్రపోతున్నారు. నేను అక్కడ నిలబడి లెక్కపెట్టబోయి, మానేశాను. లోపలికి వెళ్ళి ముగ్గురికీ సరిపడా బియ్యం కడిగి ఎసట్లో పోశాను.